మంత్రిని ముందే ఇచ్చేసిన మాస్టారు

ఆ రోజుల్లో నా తెలివి మీద నాకున్న నమ్మకం తలుచుకుంటే ఇప్పటికీ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. తొంభైల చివర్లో అనంతగిరి దగ్గర ఆడపిల్లల హాస్టల్ బడిలో మాస్టారుగా కొత్తగా చేరాను. ట్రంకుపెట్టెలో నాలుగు జతల బట్టలూ, ఒక లావుపాటి నోట్‌బుక్కూ. అందులో పత్రికల్లోంచి కత్తిరించి అంటించిన చదరంగం పజిళ్లు నాలుగు వందలు. 'రెండెత్తుల్లో ఆట కట్టించండి' అంటే చాలు, విప్పేసేవాణ్ణి. (ఎదురుగా మనిషిని కూర్చోబెట్టుకుని ఒక్క ఆటా ఆడలేదన్న సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.) పిల్లల్ని విశాఖపట్నం చదరంగం పోటీలకి కోచ్‌గా ఎవరు తీసుకెళ్తారని హెడ్‌మాస్టరు గారు అడగగానే లేచి నిలబడ్డాను. ఆ పని నాకే దక్కాలని ఒకటే తాపత్రయం. "అయితే పిల్లల ముందు మన వంటపిన్నితో ఒక ఆట ఆడండి. వాళ్లకి నేర్పింది ఆవిడే," అన్నారాయన.

వంటపిన్ని చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. బోర్డు చూసి నాకు మతిపోయింది. ముప్పై రెండు కాయలూ దాని మీదే ఉన్నాయి! నా పజిళ్లలో ఏడో ఎనిమిదో మిగిలి ఉండేవి. అసలు ఆట ఎక్కణ్ణుంచి మొదలుపెడతారు?

"బేగి ఎత్తండి మాస్టారూ, పొయ్యి మీద పప్పుంది," అంది.

నా నోట్‌బుక్‌లో సగం పజిళ్లు మంత్రిని బలివ్వడంతోనే గెలుస్తాయి. ఇంకేం, మూడో ఎత్తులోనే నా మంత్రితో ఆమె రాజు పక్క బంటుని కొట్టాను. పిల్లలు నోళ్లు తెరిచారు.

"ఏటి మాస్టారూ, ఉత్తినే ఇచ్చేత్తన్నారేటి? ఎనక్కి తీసుకోండి."

"చూస్తూ ఉండండి," అన్నాను. ఆమె చూస్తూ ఉండలేదు, రాజుతో మంత్రిని తీసేసింది. తర్వాత ఏం చెయ్యాలో నాకు తెలియదు. పజిల్లో అయితే ఈపాటికి గెలిచేసేవాణ్ణి. పప్పు మాడకముందే నా ఆట కట్టింది.

కోచ్‌గా వంటపిన్నే వెళ్లింది. సంచులు మొయ్యడానికి నేనూ వెళ్లాను. రైల్లో ఆమె నా నోట్‌బుక్ తిరగేసి, ఒక పజిల్ మీద వేలు పెట్టింది.

"బాగుంది మాస్టారూ. మరి ఈ రాజు ఈ మూలకి ఎలాగొచ్చి ఇరుక్కున్నాడు?"

నాలుగు వందల రాజుల్లో ఒక్కడి గురించీ నాకా ప్రశ్న రాలేదు. ఇప్పటికీ పత్రికలో పజిల్ కనబడితే వదలను. కాకపోతే విప్పాక మూలనున్న ఆ రాజు మీద వేలు పెట్టి, ఇతన్ని నాలాంటి మాస్టారెవరో ఇక్కడికి తెచ్చి ఇరికించి ఉంటాడని నవ్వుకుంటాను.