ఉప్పు అనే మాట

మొన్న నరసరావుపేటలో జాకెట్టు కుట్టించుకుందామని ఒక దుకాణానికి వెళ్లాను. తడిపిన గుడ్డ మీద ఇస్త్రీపెట్టె ఆనించగానే వేడి ఆవిరి వాసన గుప్పుమంది. కుట్టే ఆమె కొలతలు అడుగుతూనే ఉంది, నేను మాత్రం గురజాలలో మా పక్కింటి జాన్‌బీ అత్త వసారాలో ఉన్నాను.

జాన్‌బీ అత్త మా వీధి ఆడవాళ్లందరికీ బట్టలు కుట్టేది. మధ్యాహ్నాలు మా నాయనమ్మ కూడా అక్కడికి చేరితే ఇద్దరికీ కథల పోటీ. విచిత్రమేమిటంటే ఇద్దరి దగ్గరా ఒకే కథ ఉండేది. ఒక తండ్రి తన ముగ్గురు కూతుళ్లనూ పిలిచి, నేనంటే ఎంత ఇష్టమని అడుగుతాడు. పెద్దది తేనంత అంటుంది, రెండోది చక్కెరంత. చిన్నది ఉప్పంత అనేసరికి కోపంతో వెళ్లగొడతాడు. ఏళ్లు గడిచాక, తెలియక ఆమె ఇంటికే విందుకు వచ్చి, ఆమె కావాలనే ఉప్పు వేయని కూర నోట పెట్టుకుని, ఆ మాటకు అర్థం తెలిసి ఏడుస్తాడు. నాయనమ్మ చెప్పే తండ్రి రాజు. కూతుర్ని గొర్రెల కాపరికి కట్టబెడతాడు. అత్త చెప్పే తండ్రి పాదుషా, అడవిలో వదిలేస్తాడు.

“ఇది మా అమ్మమ్మ చెప్పిన కథ. మీ ఇంటికెట్టా వచ్చిందే?” అని నాయనమ్మ దబాయించేది.

“మా నానీ చెప్పింది పెద్దమ్మా. మీ ఇంటికే మేం పంపించుంటాం,” అనేది అత్త.

అసలు ఎవరిదని నేనడిగితే, అత్త దారం పంటితో కొరికి, “రెండిళ్లలోనూ కూరలో ఉప్పేస్తారు గదే,” అంది.

డిగ్రీలో ఉండగా, సముద్రాల అవతలి దేశాల్లోనూ ఈ కథ ఉందని చదివి ఆమెకు చెప్పాను. “అక్కడ గూడా నాయనలు అట్టాంటోళ్లేనా!” అని పగలబడి నవ్వింది. తర్వాత మిషన్ ఆపి, “ఆ చిన్నది మాట మార్చుకోలా, చూశావా? తేనని ఒక్క అబద్ధం చెబితే పోయేదానికి, ఇల్లు వదిలి పోయింది గానీ మార్చుకోలా,” అంది.

నాయనమ్మ పోయిన మరుసటి ఏడాది అత్తకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మూతి ఒక పక్కకు లాగేసింది. మాట పూర్తిగా పోయింది. కోడలు రేష్మా మంచిదే. అత్త నోరు తెరవకముందే, “నీళ్లా? దుప్పటా?” అని అందించేది. ఎవరు పలకరించినా అత్త తరఫున తనే జవాబు చెప్పేది. మనవరాలు మాత్రం ఆ వంకర మూతిని చూసి భయపడి దగ్గరికి రావడం మానేసింది. అత్తను కుంగదీసింది పడిపోయిన చెయ్యి కాదు, ఆ పిల్ల భయం.

నేను సాయంత్రాలు వెళ్లి కూర్చునేదాన్ని. ఒకరోజు ఉన్నట్టుండి, “అనగనగా” అంది. నీళ్లు కూడా అడగలేని మనిషి నోట ఆ ముక్క స్పష్టంగా వచ్చింది! అప్పటి నుంచి రోజూ ఆ కథే. ఒక్కో మాటనూ బావిలోంచి బొక్కెన చేదినట్టు పైకి లాగేది. ఉప్పు దగ్గరికొచ్చేసరికి నోరు తిరిగేది కాదు. “ఉ... ఉ...” అని ఆగిపోయేది. చూడలేక నేను, “ఉప్పు” అన్నాను. అత్త ఎడమచేత్తో మంచాన్ని చరిచింది.

“చెప్ప... బాక. నేనే.”

నెలలు పట్టింది. ఒక ఆదివారం మధ్యాహ్నం మనవరాల్ని పిలిపించింది. ఆ పిల్ల తల్లి కొంగు పట్టుకుని గుమ్మంలోనే నిలబడింది. అత్త మొదలుపెట్టింది. తేనె అయింది, చక్కెర అయింది. “చిన్నది... ఉ...” అని ఆగింది. మెడ నరాలు ఉబ్బాయి, చొంగ కారింది. రేష్మా నోరు తెరవబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. పిల్ల కొంగు వదిలేసి రెండడుగులు ముందుకొచ్చి, అత్త పెదవుల వంకే చూస్తోంది.

“ఉప్పు,” అంది అత్త. “ఉప్పంత... నాయనా.”

“అప్పుడు పాదుషా ఏం చేశాడు దాదీ?” అంటూ పిల్ల మంచమెక్కి కూర్చుంది.

అత్త చెమట తుడుచుకుని మిగతా కథ చెప్పింది. దీపాలు పెట్టే వేళ అయింది ముగించేసరికి.

ఆ తర్వాత కొన్నేళ్లు బతికింది. మాట ఎప్పటికీ మునుపటిలా రాలేదు. కానీ తన తరఫున ఇంకెవరినీ మాట్లాడనివ్వలేదు.

ఇప్పుడు రొంపిచెర్ల దగ్గర ఒక బడిలో తెలుగు చెబుతున్నాను. ఎవరైనా పిల్ల పాఠం చదువుతూ ఒక మాట దగ్గర చిక్కుకుంటే, వెనక బెంచీలు అందించడానికి తొందరపడతాయి. నేను వాళ్లను ఆపేసి, పుస్తకం దించి, నిలబడతాను. బెల్లు కొట్టినా సరే, ఆ మాట ఆ పిల్ల నోటి నుంచే రావాలి.