ఓడిపోయాక పద్నాలుగు

కోవిడ్ తగ్గి క్లబ్బులు మళ్ళీ తలుపులు తీసిన ఏడాది సంగతి ఇది. తాడేపల్లిగూడెంలో ఆదివారం బ్రిడ్జి పేకాట పోటీలు తిరిగి మొదలయ్యాయి. వాటికి డైరెక్టర్ని నేనే. డైరెక్టర్ అనగానే సినిమాలు తీస్తానేమోనని ఆశగా చూసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అంత భాగ్యం లేదండీ. బల్లల మధ్య తిరుగుతూ ఉంటాను. ఎవరైనా చెయ్యెత్తి పిలిస్తే వెళ్ళి, రూలు చెప్పి, తగువు తీర్చి వస్తాను. మిగతా రోజుల్లో ఏలూరులో మా ఇంట్లోనే ఆట నేర్పుతాను. మా వీధిలో నా పేరు పేకాట టీచరమ్మ. పెళ్ళయిన కొత్తలో మా మావగారికి నాలుగో చెయ్యి తక్కువై నన్ను కూర్చోబెట్టారు. ఆయన పుణ్యమా అని అదే నాకు బతుకుతెరువైంది.

వెంకటరత్నం గారు, సుభద్ర గారు నా దగ్గర నేర్చుకున్న దంపతులు. ఆకివీడు దగ్గర చేపల చెరువులు వాళ్ళవి. ఆయనది పెద్ద గొంతు, పెద్ద మనసు, ముక్కు మీద కోపం. ఆవిడ మాట నెమ్మది. ఆట పట్టుబడ్డాక ఇద్దరూ కలిసి పోటీలకి వెళ్తామన్నారు. అలా వెళ్ళేముందు జోడీ అన్నాక కొన్ని ఒప్పందాలు చేసుకోవాలి. మొదటిది వన్ నో ట్రంప్ రేంజి.

దీని గురించి రెండు ముక్కలు చెబుతాను. చేతిలో ఆసుకి నాలుగు పాయింట్లు, రాజుకి మూడు, రాణికి రెండు, జాకీకి ఒకటి. నాలుగు రంగులూ ఇంచుమించు సమంగా ఉన్నప్పుడు 'తురుపు లేకుండా ఆడదాం' అని పాట మొదలుపెట్టడమే వన్ నో ట్రంప్. ఎన్ని పాయింట్లుంటే అలా అనాలన్నది జోడీ ఇష్టం. కొందరు పన్నెండు నుంచి పద్నాలుగు పెట్టుకుంటారు. ఎక్కువమంది పదిహేను నుంచి పదిహేడు. ఏదైనా సరే, ఒకసారి అనుకున్నాక దానికి కట్టుబడాలి.

"పన్నెండే పెట్టండి మేడమ్ గారూ. పదిహేను వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోడం నా వల్ల కాదండి," అన్నారు వెంకటరత్నం గారు.

"ఏవండీ, మీరు పన్నెండంటే పదికే దూకేస్తారు. పదిహేనే ఉంచుదామండి," అన్నారావిడ.

నేను ఆవిడ పక్షమే వహించాను. తర్వాత జవాబులు నేర్పాను. ఒకరు వన్ నో ట్రంప్ అన్నాక ఎదుటివాళ్ళు, అంటే ఎదురుగా కూర్చున్న తన జోడీ, టూ క్లబ్స్ అంటే అదొక ప్రశ్న: నీ దగ్గర స్పేడ్లు గానీ హార్ట్‌లు గానీ నాలుగున్నాయా అని. ఇంకొకటి ట్రాన్స్‌ఫర్. ఎదుటివాళ్ళు డైమండ్ అంటే మొదలుపెట్టిన మనిషి హార్ట్ అనాలి. హార్ట్ అంటే స్పేడ్ అనాలి. ఇష్టం ఉన్నా లేకపోయినా అనాల్సిందే.

సుభద్ర గారు కుర్చీలో ముందుకి జరిగారు. "అంటే నేను చెప్పినట్టు ఆయన అనాల్సిందేనాండి?"

"ఆయ్, అనాల్సిందేనండి. నో ట్రంప్ అన్నవాళ్ళు తమ చెయ్యి మొత్తం చెప్పేసినట్టే. ఎంతవరకూ వెళ్ళాలి, ఎక్కడ ఆగాలి అని తేల్చేది ఎదుటివాళ్ళు. అప్పుడు కెప్టెన్ మీరే."

ఆవిడ మొహం చేటంతయింది. ఆ రోజు వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి నాతో మెల్లగా అన్నారు: "ఏ చెరువులో ఏ చేపపిల్ల వెయ్యాలో, ఎప్పుడు పట్టాలో అన్నీ ఆయనే చూసుకుంటారండి. నన్ను అడిగింది లేదు. ఈ బల్ల దగ్గర మటుకు నేనేమంటానో అని ఆయన నా మొహంకేసి చూస్తారు. నాకు ఆదివారం అంటే అందుకేనండి ఇష్టం." నేను మాత్రం, పాయింట్లు జాగ్రత్తగా లెక్కపెట్టుకోండి అని పంతులమ్మ మాటే చెప్పి పంపించాను.

కొన్నాళ్ళకి గూడెం క్లబ్బులో జోడీల పోటీ వచ్చింది. మధ్యాహ్నం దాటేసరికి వీళ్ళిద్దరూ అందరికంటే ముందున్నారు. అప్పుడు వెంకటరత్నం గారు ఒక ఆట పాడుచేశారు. గెలవాల్సిన ఆట తొందరలో చేజార్చుకున్నారు. అక్కణ్ణుంచి ధుమధుమలాడుతూ తర్వాతి బల్లకి వచ్చారు. అక్కడ ప్రత్యర్థులు ఏలూరు నుంచి వచ్చిన లెక్చరర్ గారు, ఆయన జోడీ పంటి డాక్టరు గారు.

కాసేపటికి ఆ బల్ల నుంచి కేక వినిపించింది. "డైరెక్టర్!" పిలిచింది వెంకటరత్నం గారే. గబగబా వెళ్ళాను.

"ఏమైందండి?"

"కంప్లైంటండి."

"ఎవరి మీద?"

"ఇదిగో, ఈవిడ మీద!"

నా సర్వీసులో సొంత జోడీ మీద ఫిర్యాదు చేసినవాళ్ళని అప్పటిదాకా చూడలేదు. నవ్వు ఆపుకుని సంగతి అడిగాను. జరిగింది ఇది. వెంకటరత్నం గారు వన్ నో ట్రంప్ అన్నారు. పక్కనున్న లెక్చరర్ గారు రూలు ప్రకారమే సుభద్ర గారిని అడిగారు, మీ రేంజి ఎంతండీ అని. ఆవిడ పదిహేను నుంచి పదిహేడు అన్నారు. "ఖచ్చితంగానాండి?" అని ఆయన మళ్ళీ అడిగారు. అప్పుడావిడ క్షణం ఆలోచించి నిజం చెప్పేశారు.

"మా ఒప్పందం అంతేనండి. కాకపోతే ముందాట ఓడిపోతే ఈయన పద్నాలుగుకే అనేస్తారు. ఒక్కోసారి పదమూడుక్కూడానండి. ఇప్పుడే ఓడిపోయి వచ్చారు."

వెంకటరత్నం గారు చింతనిప్పుల్లాంటి కళ్ళతో నాకేసి చూశారు. "ఇంటి గుట్టు లంకకి చేటని ఊరికే అన్నారాండి? పెళ్ళాం నోటితో మొగుడు కోపిష్టోడని నలుగురిలో చెప్పించడం కూడా మీ రూల్లో ఉందా మేడమ్ గారూ?"

"మీ కోపం సంగతి రూలుకి అక్కర్లేదండి. మీ పాయింట్ల సంగతి కావాలి," అన్నాను. "మీ గురించి ఆవిడకి తెలిసింది, ఒప్పందం వల్ల తెలిసినా, రోజూ ఎదురుగా కూర్చుని గమనించడం వల్ల తెలిసినా, అడిగితే ప్రత్యర్థులకి చెప్పాల్సిందే. ఆవిడొక్కరే తెలుసుకుని ఆడితే అది దొంగాట అవుతుంది. సుభద్ర గారు చేసింది సబబే. ఆట కానివ్వండి."

"అదికాదే సుభద్రా, నీకెలా తెలుసు నేనలా చేస్తానని?"

ఆవిడ తల వంచుకునే జవాబిచ్చారు. "చేపంతా చచ్చి తేలిపోయిన ఏడాదే కదండీ మీరు ఇంకో చెరువు కౌలుకి పట్టారు."

ఆయన మొహం తిప్పుకుని చేతిలో ముక్కలు సర్దుకున్నారు. లెక్చరర్ గారు ధైర్యంగా టూ స్పేడ్స్ అన్నారు, ఆడారు, గెలిచారు. చివర్న ముక్కలు బల్ల మీద పరిస్తే వెంకటరత్నం గారి చేతిలో ఉన్నవి సరిగ్గా పద్నాలుగు. "ఆవిడ చెప్పకపోతే నేను పాసు చెప్పేవాణ్ణండి," అని లెక్చరర్ గారు ఒప్పుకున్నారు కూడా. ఆ ఒక్క మాటతో వీళ్ళ మొదటి స్థానం పోయింది. పక్క బల్ల మీద ఎవరో కిసుక్కున నవ్వారు.

వెంకటరత్నం గారి మొహం కందగడ్డయింది. "వచ్చే ఆదివారం నుంచి నువ్వు రానక్కర్లేదు. నేను వేరే జోడీ చూసుకుంటాను," అన్నారు.

"అలాగేనండి," అన్నారు సుభద్ర గారు. అంతే. కానీ ముక్కలు సర్దుతున్న ఆవిడ వేళ్ళు మధ్యలో ఆగిపోయాయి. నాకు ఆయన మీద చెప్పలేనంత కోపం వచ్చింది. డైరెక్టర్ పక్షపాతం చూపకూడదు కాబట్టి పళ్ళు బిగించి అక్కడే నిలబడ్డాను.

ఆ బల్ల మీద వాళ్ళకి ఇంకో ఆట మిగిలుంది. ఈసారి వన్ నో ట్రంప్ అన్నది సుభద్ర గారు. తర్వాత పలకాల్సింది పంటి డాక్టరు. ఆయన కొంచెం వేళాకోళంగా వెంకటరత్నం గారి వైపు తిరిగారు.

"రేంజి ఎంతండి?"

"పదిహేను నుంచి పదిహేడు."

"ఆవిడగారికీ ఏమైనా మినహాయింపులున్నాయాండి? ఓడిపోతే గానీ, కోపమొస్తే గానీ?"

చుట్టుపక్కల బల్లలు చెవులు రిక్కించాయి. వెంకటరత్నం గారు విసుగ్గా నోరు తెరిచారు. మళ్ళీ మూసుకున్నారు. రూలు ఆయనకీ వర్తిస్తుంది, తెలిసింది తెలిసినట్టు చెప్పాలి. కళ్ళెత్తి ఆవిడ వైపు చూశారు. కోపంతో కాదు, జ్ఞాపకం చేసుకుంటున్నట్టు చూశారు.

"ఏమీ లేవండి," అన్నారు చివరికి. గొంతు తగ్గింది. "ఆవిడ పదిహేనంటే పదిహేనే. నష్టంలో ఉన్నా, నా చేత నాలుగు మాటలు పడ్డాక అయినా సరే, లేనిది ఉందని ఎప్పుడూ చెప్పలేదండి. ఇప్పుడూ అంతే."

ఎవరూ నవ్వలేదు. తిట్టినప్పుడు చెక్కుచెదరని మనిషి, ఈ మాటకి కొంగుతో కళ్ళొత్తుకున్నారు. డాక్టరు గారు చిన్నగా పాసు అన్నారు. వెంకటరత్నం గారు ఆవిడ పదిహేనునీ తన పదకొండునీ కలుపుకుని త్రీ నో ట్రంప్ అన్నారు, అంటే పదమూడు పట్లలో తొమ్మిది తెస్తామని. ఆవిడ చక్కగా ఆడి తొమ్మిది పట్లూ తెచ్చారు.

తర్వాతి ఆదివారం ఆవిడ వస్తారా రారా అని గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాను. ఇద్దరూ వచ్చారు. వెంకటరత్నం గారు నేరుగా నా దగ్గరికి వచ్చారు.

"మేడమ్ గారూ, మా రేంజి మార్చాలండి. పద్నాలుగు నుంచి పదిహేడు అని పెట్టండి. నా కోపం ఎలాగూ పోయేది కాదు. ముందే చెప్పేస్తే ఆవిడ నలుగురిలో చెప్పే అవసరం ఉండదు కదా."

తన వంతుకి ఆయన పెద్ద మెట్టే దిగారు. నేను సరేనందామనుకునేలోపే సుభద్ర గారు అడ్డుకున్నారు.

"వద్దండి. అంత వెడల్పు పెడితే మీ దగ్గర ఎంతుందో నాకెలా తెలుస్తుంది? నేనేం తేల్చుకోను? ఊరికే మీ ఎదురుగా కూర్చోడానికైతే నేను ఇంట్లోనే ఉంటానండి."

ఆవిడ అంత గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఆయన కూడా విని ఉండరు. కాసేపు గడ్డం గోక్కుని, "సరే, పదిహేనే," అన్నారు. "నేను మాట తప్పితే చెప్పు. ఎవరడిగినా చెప్పు. ముందు నాకు చెప్పు."

అప్పటిదాకా నేను రేంజి అంటే అంకెల లెక్క అని నేర్పుతూ వచ్చాను. ఎన్ని చేతుల్లో పదిహేను వస్తుంది, ఎన్నింటిలో పన్నెండు వస్తుంది అని పాఠం చెప్పేదాన్ని. అది తప్పేం కాదు, కానీ సగమే. ఎదుటి మనిషి నిర్ణయం తీసుకోవాలంటే మనం ఇవ్వాల్సిన మాట అది. మాట అటూఇటూ అయితే వాళ్ళకి కుర్చీ ఇచ్చి పెత్తనం మన దగ్గరే ఉంచుకున్నట్టు. ఇప్పుడు కొత్త జోడీ ఎవరొచ్చినా పాయింట్ల కంటే ముందు ఒకటి అడుగుతాను: ఓడిపోయాక మీరు ఎలా ఉంటారండీ అని. నేనడిగిన మనిషి ఇంకా ఆలోచిస్తూనే ఉంటారు, జవాబు ఎదుటి కుర్చీలోంచి వచ్చేస్తుంది.