గుడ్డసంచిలో బొత్తాలు

తెల్లారి లేచి, మొహం కడుక్కుని, దేవుడికి దణ్ణం పెట్టుకున్నాక డాక్టరమ్మ వంటింటి బల్ల దగ్గర కూర్చుని కళ్ళు మూసుకునేది. కుడిచెయ్యి ముందుకు చాపేది. ఆవిడ భర్త వీధిగదిలో కుట్టుమిషను పక్కనున్న డబ్బాల్లోంచి చేతికందినవి ఏరి ఒక గుడ్డసంచిలో వేసి, ఆ సంచి మూతి ఆవిడ చేతికి తగిలించేవాడు. ఆవిడ లోపల వేళ్ళతో వెతికి, ఒక్కొక్కటీ పేరు చెప్పి బయటికి తీసేది.

"చొక్కా బొత్తాం. నాలుగు కన్నాలు. ఒక కన్నంలో దారం ముక్క ఉండిపోయింది. ఇది హుక్కు. ఇది మీ అరిగిపోయిన సుద్దముక్క. ఏవండీ, ఈ సూది నా చేతికి గుచ్చుకుంటే నన్ను ఏ డాక్టరుకి చూపిస్తారు?"

"పశువుల డాక్టరుకే చూపిస్తాను. దగ్గర్లో ఉన్నది ఆవిడొక్కతే కదా" అనేవాడు దర్జీ.

ఈ ఆట చూసి ఇరుగుపొరుగు నవ్వేవాళ్ళు. చిన్నపిల్లలా సంచులతో ఆటలేమిటమ్మా అంటే, "ఆవు కడుపులో దీపం పెట్టుకోలేను కదా. అక్కడ నా కళ్ళు ఈ వేళ్ళే. పొద్దున్నే కళ్ళు కడుక్కోవద్దూ?" అనేది.

అందరూ ఆవిణ్ణి పొడుగుచేతి డాక్టరమ్మ అంటారు. సన్నటి, పొడవాటి చెయ్యి. దూడ అడ్డం తిరిగినా, మెడ వెనక్కి మడిచి ఇరుక్కున్నా ఆ చెయ్యి లోపలికి వెళ్ళి, తడిమి, సర్ది, తాడు కట్టి బయటికి లాక్కొచ్చేది. మరో డాక్టరు కావాలంటే పట్నం నుంచి జీపులో రావాలి. ఆయన మంచివాడే. కానీ అంత దూరం నుంచి ఆయన వచ్చేసరికి చాలాసార్లు చెయ్యడానికి ఏమీ మిగిలేది కాదు. కష్టమైన పురుడు వచ్చిందంటే చుట్టుపక్కల పల్లెలన్నిటికీ ఆ ఒక్క కుడిచెయ్యే దిక్కు.

ఆ చేతికి వేళ్ళ చివర్లు మొద్దుబారడం మొదలైంది. పోయిన వానాకాలం నుంచీ అంతే. ఆవు నొప్పులు పడ్డప్పుడల్లా లోపలున్న చెయ్యి రోకట్లో పడ్డట్టు నలిగిపోతుంది. అలా ఏళ్ళ తరబడి నలిగిన చెయ్యి. మొదట్లో తిమ్మిరి అనుకుంది. తర్వాత వేళ్ళకు పల్చటి గుడ్డ చుట్టినట్టు అనిపించసాగింది. జాకెట్టు హుక్కులు పెట్టుకోవడం చేతకాక గదిలోనే ఉండిపోతుంటే, దర్జీ ఒక్క మాటా అడగకుండా ఆవిడ జాకెట్లన్నిటికీ హుక్కులు ఊడదీసి పెద్దవి కుట్టిపెట్టాడు. మడతపెట్టి యథాస్థానంలో సర్దేశాడు కూడా. ఆవిడా ఏమీ అడగలేదు. ఆ ఇంట్లో ప్రేమ ఎప్పుడూ అలా చప్పుడు లేకుండానే తిరిగేది.

ఒకరోజు పొద్దున సంచిలో చొక్కా బొత్తాన్ని పట్టుకుని హుక్కు అంది. కళ్ళు తెరిచి చూసుకుంది. ఆ రోజంతా అన్నం ముట్టలేదు. సాయంత్రం దేవుడి పటం ముందు నిలబడి, పైకే అంది. "స్వామీ, ఈ సంచిలో చెయ్యి ఇంకొక్కసారి తప్పితే తాళ్ళు కిందపెట్టేస్తాను. నోరులేని జీవాల మీద మొండి చెయ్యి పెట్టను. ఆ రోజు ఎప్పుడొచ్చిందో మాత్రం నాకు తెలియనివ్వు."

మర్నాటి నుంచీ చెయ్యి తప్పలేదు. ఒక్కరోజు కూడా తప్పలేదు. పేరు చెప్పగానే దర్జీ ఒక్కొక్కటీ అందుకుని మళ్ళీ సంచిలో వేసేసేవాడు. దేవుడు దయతలిచాడనుకుంది.

ఆ పొద్దునా అంతే. అన్నీ సరిగ్గా చెప్పింది. దర్జీ ఎప్పటిలాగే మందుల సంచీ, పురుటి తాళ్ళూ తెచ్చి గుమ్మంలో చేతికందించాడు. గుమ్మం దిగకముందే రిటైరైన మాస్టారు తన కుక్కను చంకనేసుకుని వచ్చాడు. నడవలేక కాదు, నడవడం దానికి ఇష్టం లేక.

"కుంటుతోందమ్మా. పాపం, రాత్రంతా మూలుగుతూనే ఉంది."

"కుంటదూ మరి? ఈ ఒంటిని ఆ కాళ్ళు ఎన్నాళ్ళని మోస్తాయి మాస్టారూ? ఏం పెడుతున్నారు దీనికి?"

"నేను తినేదే."

"అయితే మీరు ఇలా పీలగా ఎందుకున్నారు?"

మాస్టారు నవ్వాడు. డాక్టరమ్మ కుక్క పంజాను వేళ్ళతో తడిమింది. ఏమీ తగల్లేదు. మళ్ళీ తడిమింది. చివరికి కళ్ళజోడు పెట్టుకుని వెలుతురులోకి తిప్పి చూస్తే మెత్తటి భాగంలో ముల్లు మొన కనబడింది. పట్టకారుతో లాగేసింది. వేళ్ళకు తగలకపోవడం ఒక్క క్షణం మనసులో కలుక్కుమంది. 'సంచిలో తప్పలేదుగా' అని సర్దిచెప్పుకుంది.

అంతలో పాలావిడ మరిది మోపెడ్ మీద దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగాడు.

"డాక్టరమ్మా, తొందరగా రండి. ఆవు తెల్లారుజాము నుంచీ నొప్పులు పడుతోంది. ఒక కాలు కనబడి మళ్ళీ లోపలికి పోతోంది. మా వదిన ఏడుస్తా కూర్చుంది."

పాలావిడ భర్త పోయి చాలా కాలమైంది. ఇంట్లో మంచం పట్టిన అత్తగారు, చదువుకునే కూతురు. పాకలో ఒకే ఒక్క ఆవు. ఆ ఇంటి పొయ్యి వెలిగేది ఆ ఆవు పొదుగు మీదే. దాన్ని ఆవిడ ఆవు అనేది కాదు, 'మా పెద్దమ్మాయి' అనేది.

డాక్టరమ్మ వెళ్ళేసరికి ఆవు నిలబడే ఉంది. తోక పక్కకు పెట్టి వణుకుతోంది. పాలావిడ దాని మెడ కౌగిలించుకుని చెవిలో ఏదో చెబుతోంది. అత్తగారు మంచం మీద నుంచే కేకేసింది. "డాక్టరమ్మ వచ్చేసిందా? ఇంక పర్లేదే. ఏడుపాపి నీళ్ళు కాచు."

ఆ మాట విని డాక్టరమ్మ మనసులోనే దణ్ణం పెట్టుకుంది. సబ్బునీళ్ళతో భుజం దాకా కడుక్కుని చెయ్యి లోపలికి పెట్టింది. ఒక గిట్ట. పక్కన ఇంకో గిట్ట. వాటి వెనక మూతి. ముంగాళ్ళూ తలా దారిలోనే ఉన్నాయి, దూడ కాస్త పెద్దది, అంతే. తాడు కట్టే ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. ఒక కాలి వెంబడి భుజం దాకా తడుముకుంటూ వెళ్ళి, రొమ్ము మీదుగా రెండో భుజానికి చేరి, మళ్ళీ కిందికి రెండో గిట్ట దాకా రావాలి. రెండు కాళ్ళూ ఒకే దూడవని అప్పుడే నమ్మకం. డాక్టరమ్మ అది ఎప్పుడూ మానలేదు. ఆ రోజూ మానలేదు. వేళ్ళు కాలి వెంబడి పైకి వెళ్ళాయి, తడితడిగా ఉన్న రొమ్ము మీదుగా పక్కకు వచ్చాయి, కిందికి దిగాయి. అంతా ఒకటే అనిపించింది. సరే అనుకుంది.

రెండు గిట్టలకూ తాళ్ళు కట్టింది.

"ఇది నొప్పి పడ్డప్పుడే లాగు. అది ఆగితే నువ్వూ ఆగు" అంది మరిదితో.

అతను కాలు తన్నిపెట్టి లాగాడు. దూడ కదిలి, ఇరుక్కుంది. ఇంకోసారి. ఇంకోసారి. ఆవు అరిచిన అరుపుకి వీధిలో నడిచేవాళ్ళు ఆగిపోయారు. ముందుకాళ్ళు మడిచి కూలబడింది.

"రావట్లేదేంటండీ? గోడని లాగుతున్నట్టుంది" అన్నాడు మరిది రొప్పుతూ.

డాక్టరమ్మ మళ్ళీ చెయ్యి పెట్టింది. ఏదో తప్పు జరిగిందని తెలుస్తోంది గానీ, ఎక్కడో తెలియడం లేదు. చర్మమో, ఎముకో, మాయో, అంతా ఒకే ముద్దలా తగులుతోంది. గిట్టల మధ్య సందు అనుకున్నచోట ఇంకేదో ఉంది. 'స్వామీ, ఒక్కసారి నా వేళ్ళు నాకియ్యి. ఈ ఒక్కసారికి' అనుకుంది. వేళ్ళు మాట్లాడలేదు.

చెయ్యి బయటికి తీసి పాలావిడ వైపు చూసింది.

"అమ్మాయ్, ఇటు రా. చెయ్యి కడుక్కో."

"నేనా? నాకేం తెలుసమ్మా?"

"నీకు తెలియక్కర్లేదు. తగిలింది తగిలినట్టు చెప్పు చాలు. నా చేతికి తెలియడం లేదు."

మరిది తాడు వదిలేశాడు. పాలావిడ సబ్బు రాసుకుని, ఆవు వెనక బోర్లా పడుకుని చెయ్యి పెట్టింది.

"తాడు పట్టుకుని వెళ్ళు. గిట్ట తగిలిందా? పైకి వెళ్ళు. మోకాలు. ఇంకా పైకి. భుజం. ఇప్పుడు రొమ్ము మీద నుంచి పక్కకి రా. రెండో కాలు తగిలిందా?"

"తగిలిందమ్మా."

"దాని వెంబడి కిందికి రా. గిట్టకి తాడుందా?"

పాలావిడ కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి.

"లేదమ్మా. దీనికి తాడు లేదు. రెండో తాడున్న కాలు వేరేగా ఉంది. దాని వెనక... అమ్మా, ఇంకో తల ఉంది."

కవలలు. ఒక దూడ కాలికి ఒక తాడు, రెండో దూడ కాలికి ఒక తాడు. రెండిటినీ కలిపి డాక్టరమ్మ ఒకే ఇరుకు దారిలోంచి మనిషి బలమంతా పెట్టి లాగించింది.

ఆపైన జరగాల్సినదంతా పాలావిడ చేత్తోనే జరిగింది. డాక్టరమ్మ చెబుతుంటే ఆవిడ ఒక తాడు విప్పింది, వెనకదాన్ని లోపలికి నెట్టింది, ముందుదానికి రెండో తాడు కట్టింది. మొదటి దూడ ప్రాణం లేకుండా వచ్చింది. రెండోది కాళ్ళు వేలాడేసుకుని వచ్చింది. డాక్టరమ్మ దాని మూతిలో చీమిడి తీసి, తలకిందులుగా పట్టించి, గడ్డితో పక్కలు గట్టిగా రుద్దింది. అది తుమ్మింది.

కానీ ఆవు చెవులు చల్లబడుతున్నాయి. కనురెప్ప తిప్పి చూస్తే లోపల సున్నంలా తెల్లగా ఉంది. గర్భసంచి చిరిగి, రక్తం లోలోపలే పోతోంది. సూదిమందులు ఇచ్చింది, సీసా ఎక్కించింది, దాని తల ఒళ్ళో పెట్టుకుంది. పట్నం డాక్టరుకు ఫోను చేయించింది. బయల్దేరానన్నాడాయన.

"ముర్రుపాలు పిండు" అంది పాలావిడతో మెల్లగా. "దూడకి అవి పడాలి. ఇప్పుడే పిండు."

ఆ మాటకు అర్థం పాలావిడకు తెలుసు. తప్పేలా తీసుకుని ఆవు పక్కన కూర్చుంది. పోతున్న ప్రాణిని నొప్పించకుండా, ఒక్కో చన్నూ మునివేళ్ళతో నిమురుతూ, మెత్తగా పిండింది. పాలు తప్పేలాలో పడుతున్న చప్పుడు వింటూ ఆవు కళ్ళు మూసుకుంది. జీపు వచ్చేసరికి దాని మీద గోనెపట్టా కప్పారు.

మరిది ఆగలేకపోయాడు. "చేతకానప్పుడు ముందే చెప్పొచ్చుగా. పొద్దున్నే జీపాయనకి ఫోన్ చేసుకునేవాళ్ళం."

"అవును" అంది డాక్టరమ్మ. "ఒక్కో దూడకి ఒక్కో తాడు కట్టాను. నా వేళ్ళకి తెలియలేదు. తప్పు నాది."

పాలావిడ తిట్టలేదు, ఓదార్చనూ లేదు. ఒక చెంబుడు నీళ్ళు తెచ్చింది. "వేడిగా ఉన్నాయి. చెయ్యి కడుక్కోండి" అంది. డాక్టరమ్మ చేతికి అంటి ఎండిపోయిన రక్తాన్ని తనే నీళ్ళు పోసి, మోచేతి దాకా రుద్ది కడిగింది. కడుగుతూ ఏడ్చింది. "దూడ లేచి నిలబడేదాకా పోకండి" అంది. డాక్టరమ్మ పోలేదు.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. దర్జీ మిషను ఆపి లేచాడు. ఆవిడ మొహం చూసి మంచినీళ్ళు తేబోయాడు. ఆవిడ నీళ్ళు తీసుకోకుండా వంటింట్లోకి వెళ్ళి, మేకుకు తగిలించిన గుడ్డసంచి దింపి బల్ల మీద బోర్లించింది.

అన్నీ పెద్దవే. రూపాయి బిళ్ళంతేసి కోటు బొత్తాలు. ఒకదాని అంచుకు గాట్లు పెట్టి ఉన్నాయి, ఒకదానికి గుడ్డ తొడిగి ఉంది, ఒకదానికి మధ్యలో లోహపు కాడ. కళ్ళులేని పసివాడికైనా తేడా తెలిసే బొత్తాలు. చొక్కా బొత్తాం ఒక్కటీ లేదు. హుక్కు లేదు.

"ఎప్పటి నుంచి?"

దర్జీ గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. "నువ్వు అన్నం ముట్టని రోజు నుంచి" అన్నాడు. "నీ మొహం చూడలేకపోయానోయ్. సంచిలో చెయ్యి పెడితే నువ్వు నవ్వాలనిపించింది. అంతే. ఇంత పని జరుగుతుందని..."

ఆవిడ దేవుణ్ణి ఏ రోజు తెలియనివ్వమని అడిగిందో ఆ రోజు ఎప్పుడో వచ్చి వెళ్ళిపోయింది. దాన్ని భర్త ప్రేమతో దాచిపెట్టాడు. ఆవిడకు కోపం రాలేదు. రావడానికి ఒంట్లో ఏమీ మిగల్లేదు. చాలాసేపు బొత్తాలను ఒకదాని మీద ఒకటి పేర్చుతూ కూర్చుంది. దర్జీ తలుపు దగ్గరి నుంచి కదల్లేదు.

"ఇలా కూర్చోండి" అంది చివరికి. ఆయన కూర్చున్నాక ఖాళీ సంచిని ఆయన చేతిలో పెట్టింది.

"రేపటి నుంచి ఇందులో పసిపిల్లల గౌన్ల బొత్తాలు వెయ్యండి. మీ డబ్బాలో అన్నిటికంటే చిన్నవి. నేను చెప్పలేని రోజు ఆ తాళ్ళు నా చేతికి ఇవ్వకండి. నేను తిట్టినా, ఏడ్చినా, వాకిట్లో ఎవరొచ్చి కాళ్ళావేళ్ళా పడ్డా ఇవ్వకండి. జీపాయనకి మీరే ఫోన్ చెయ్యండి. నాకు నేనై ఆగలేను. ఏవండీ, ఈ ఒక్కటీ చేసిపెట్టండి."