దులిపిన వీపు

మా వీధి పైల్వాను మామ కుస్తీలు మానేసి ఇరవై ఏళ్లయినా ఒక అలవాటు మాత్రం పోలేదు. ఎవరిని పడేసినా చెయ్యిచ్చి లేపి, వీపుకంటిన మట్టి దులిపేవాడు.

ఒకసారి సండూరు దారిలో ఇనుప ఖనిజం లారీ ఒకటి మా స్కూటరును రాసుకుంటూ పోయి ఆగింది. డ్రైవరు దిగి ఎదురు మామనే తిట్టాడు. మరుక్షణం ఎర్రదుమ్ములో వెల్లకిలా పడి ఉన్నాడు. మామ వాణ్ణి లేపి, శ్రద్ధగా దులిపి, స్కూటరెక్కమని నాకు సైగ చేశాడు.

సాయంత్రానికి, డ్రైవరు ఫిర్యాదు ఇచ్చాడని పోలీస్ స్టేషను నుంచి పిలుపు వచ్చింది. ఎస్సై డ్రైవరును వెనక్కి తిప్పి చూశాడు.

"ఈ ఊర్లో ఇంత శుభ్రమైన చొక్కా నేను చూడనేలేదప్పా. యాడ పడేసినాడు నిన్ను?"

గండం గడిచిందనుకున్నాను. మామకు పౌరుషం పొడుచుకొచ్చింది.

"పడేసినా సార్! వీని రెండు భుజాలూ నేలకు తగిలినాయి."

"సరే, అరవై ఏండ్ల ముసలప్ప నిన్ను ఎత్తి పడేసినాడని రాస్తాండా. సంతకం పెట్టు," అన్నాడు ఎస్సై డ్రైవరుతో.

డ్రైవరు పెన్ను అందుకుని, మామ నెరిసిన మీసం చూసి, మళ్లీ కింద పెట్టేశాడు.

"వద్దు సార్. నేనే కాలు జారి పడినా."

కేసు లేదు, పొమ్మన్నారు. మామ కదల్లేదు.

"పట్టపగలు నేను గెలిచిన కుస్తీని జారి పడినానంటాండాడు. ఇది నేరం గాదా సార్? నా కంప్లేంటు రాసుకోండి!"