పుంగనూరు గోబీ, ఒకే ప్లేటు

గోబీ మంచూరియా బండ్లు మా వైపు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. ఆడమనిషి బజారులో నిలబడి తింటేనే నలుగురూ తిరిగి చూసేవాళ్లు. మొగుడితో కలిసి ఒకే ప్లేటులో తినిందంటే ఇక ఊరంతా చెప్పుకోవాల్సిందే. ఇప్పటి పిల్లలు తినే ముందు దానికి ఫోటో కూడా తీస్తున్నారు, మంచిదే. నేను తిన్న మొట్టమొదటి గోబీకి ఫోటో లేదు. అది తిని నేను పడిన పాట్లు మాత్రం మా బంధువులకు ఇప్పటికీ నవ్వుకోవడానికి పనికొస్తున్నాయి. (నవ్వుకోనీ. ఏడ్చేదంతా నేను అప్పుడే ఏడ్చేశాను.)

మాది కురబలకోట దగ్గర పల్లె. చారెడు శెనక్కాయల చేను, కొన్ని గొర్రెలు, నీళ్లు రాని బోరు. పెళ్లయి ఐదేళ్లయినా నా కడుపు పండలేదు. మా ఇళ్లలో అక్క కూతుర్ని తమ్ముడు చేసుకోవడం మామూలే. మా ఆయనకు కుప్పంలో అక్క ఉంది. మా పెళ్లప్పుడు ఆమె కూతురు గౌన్లేసుకునే పిల్ల కాబట్టి బయటి సంబంధమైనా నన్ను తెచ్చుకున్నారు. ఈ ఐదేళ్లలో ఆ పిల్ల ఇంటర్ కూడా ముగించింది. మా అత్త ఒక సంచిలో తమలపాకులు, వక్కలు, పసుపు కుంకుమ, కొత్త చీర పెట్టి తెచ్చి నా చేతికే ఇచ్చింది. "నీ నోటితో నువ్వే అడగాల మే. పెద్దపెండ్లాం అడిగితేనే పిల్లనిచ్చేటోళ్లకు ధైర్యం" అంది. మా ఆయన గొర్రెల తట్టు చూస్తూ నిలబడ్డాడు. తల్లి ముందు నోరు తెరిచే మనిషి కాదు.

అట్లా, నా సవతిని నేనే అడిగి తెచ్చుకోవడానికి మదనపల్లెలో బస్సెక్కాను. బస్సంతా టమాటాల వాసన. సంచి ఒళ్లో పెట్టుకుని, బడిలో పాఠం అప్పజెప్పే పిల్లలాగా "వదినా, నీ బిడ్డను మా ఇంటికియ్యి" అని లోపల్లోపల వల్లె వేసుకున్నాను. (రెండో తరగతిలోనే బడి మానేసినదాన్ని. పాఠం ఎప్పుడూ సగంలోనే ఆగిపోయేది. ఇదీ అంతే, "నీ బిడ్డను" దగ్గర ఆగిపోయేది.) మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

పుంగనూరులో బస్సు ఆగింది. "దిగు మే, ఏమన్నా తిందాం" అన్నాడు. బండి మీద ఎర్రెర్రగా ఏదో వేగుతోంది. బండాయన రెండు ప్లేట్లు తీశాడు. మా ఆయన బస్సును చూసి, "ఒకటి సాలప్పా, బస్సు కదుల్తాది" అన్నాడు. ఒక ప్లేటు, దాంట్లో గుచ్చిన రెండు పుల్లలు. నేను కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని తిన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"యాల ఏడుస్తాండావు?"

"ఏడుపా, పాడా. కారం."

"నాకూ కారమే" అని ఆయన కళ్లు తుడుచుకున్నాడు. ఆయన ముక్క ఇంకా నోట్లో పెట్టుకోనేలేదు.

కుప్పం ఇంకా రాకముందే కడుపులో తిప్పడం మొదలైంది. దిగాక వదిన ఇంటి వాకిలి తొక్కక ముందే మోరీ కాలవ దగ్గరికి పరుగెత్తాను. కట్టుకున్న చీరంతా పాడైంది. వదిన చెంబుతో నీళ్లు తెచ్చి, నా వీపు నిమురుతూ, ఉన్నట్టుండి చెయ్యి ఆపింది. "ఏం మే, ఎన్ని దినాల నుంచి?" అంది. కాదు, గోబీ అని చెప్పబోయాను. నోరు తెరిస్తే మాట బదులు ఇంకోటి వచ్చింది. "చెప్పాకు, సిగ్గుపడాకు. దేవుడు కండ్లు తెరిసినాడు" అని నన్ను మంచం మీద కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, తీపి ఓళిగలు చేయడానికి లోపలికి పోయింది. ఆమె కూతురు నిమ్మకాయ నీళ్లు తెచ్చి నా చెవిలో, "సల్లగుండత్తా, నన్ను కాపాడితివి" అంది. అప్పుడుగానీ నాకు తెలియలేదు, ఆ ఇంట్లో భయపడుతున్నది నేనొక్కదాన్నే కాదని.

మా ఆయన మొహం చూస్తే పచ్చగా ఉంది. చెమటలు పోస్తున్నాయి. ఆయనకూ పట్టుకుందని నాకు అర్థమైంది. ఆయన కూడా వాంతి చేసుకుంటే గోబీ సంగతి బయటపడిపోతుంది, సంచి విప్పక తప్పదు. అందుకని మహానుభావుడు పళ్లు బిగించి, వదిన పెట్టిన ఓళిగ మీద నెయ్యి కూడా పోయించుకుని తిన్నాడు. "ఇంగోటి ఏసుకోరా, తండ్రివి కాబోతాండావు" అంటే ఇంకోటీ తిన్నాడు. తిని, "ఎద్దుల్ని సూసొస్తానక్కా" అని పరుగెత్తాడు. (వదిన వాళ్లకు ఎద్దులు లేవు.)

కాసేపటికి నేను మళ్లీ చెంబు పట్టుకుని పెరట్లోకి పోతే, గోడకవతల వదిన గొంతు.

"ఏమిరా, నువ్వూ నీళ్లోసుకుండావా?"

"పుంగనూర్లో గోబీ తింటిమక్కా" అన్నాడు మా ఆయన మూలుగుతూ. "దాన్నేమీ అనొద్దు. ఈ ఒక్క పొద్దన్నా ఎవురూ దాన్ని ఏమీ అడక్కుండా ఉండనీ."

వదిన నీళ్లు కుమ్మరించిన చప్పుడైంది. "ఇద్దరికీ ఒకే మాదిరి పట్టుకునిందే, అంతంత తింటిరా?"

"లేదక్కా. ఒకటే ప్లేటు."

నేను చెంబు పట్టుకుని అక్కడే కూలబడ్డాను. ఐదేళ్లలో ఆయన నా కోసం మాట్లాడగా విన్నది అదే మొదటిసారి. అదీ వాంతికీ వాంతికీ మధ్య.

మరునాడు తెల్లారి వదిన మా సంచి తానే విప్పింది. కొత్త చీర తీసి నా ఒళ్లోకి విసిరి, "కట్టుకో. నీది కంపు కొడ్తాండాది" అంది. అది నీ కూతురికి, అనబోయాను. "ఒకే ప్లేట్లో తినేటోళ్ల మధ్య నా బిడ్డను యాడ కూసోబెట్టేది మే? మాయమ్మకు నేను చెప్పుకుంటాలే, పోండి" అని తమలపాకులు వక్కలతో సహా తానే నోట్లో వేసుకుంది.

ఆ చీరలో నేను బస్సు దిగడం చూసి మా అత్త చాలాకాలం నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత కూడా నా కడుపు పండలేదు. సవతీ రాలేదు. ఆయన పోయి ఇప్పుడు రెండేళ్లు.

మొన్న ఆ మేనకోడలి ఇంట్లో శుభకార్యమంటే కుప్పం బయలుదేరాను. పుంగనూరులో బస్సు ఆగితే, ఎందుకో దిగాను. ఇది వేరే బండి, వేరే మనిషి. "ఒక ప్లేటేనా అమ్మా?" అన్నాడు. "ఒకటేనప్పా" అన్నాను. అలవాటు కొద్దీ కాబోలు, దాంట్లో రెండు పుల్లలు గుచ్చి ఇచ్చాడు. ఒకదానితో నేను తిన్నాను. రెండోది దాని దోవన అది అట్లాగే నిలబడి ఉండింది. కొంగు అడ్డం పెట్టుకోలేదు. ముసలిదాన్ని ఎవరు చూస్తారు?

కుప్పం చేరేదాకా కడుపులో తిప్పుతుందేమోనని చూస్తూనే ఉన్నాను. ఏమీ కాలేదు.