కైరో దవాఖానా

నా చిన్నప్పుడు ఒక ఎండాకాలం మా నాయనకు నెమ్ము చేసింది. చర్ల దగ్గరి మా అడవి పల్లె నుంచి లారీ మీద తీసుకుపోయి పెద్ద దవాఖానాలో చేర్చారు. అమ్మ, నేను ఆయన మంచం పక్కనే కింద పడుకునేవాళ్లం. పక్క మంచం మీద ఒక ముసలాయన ఉండేవాడు. ఉర్దూ బడిలో పంతులుగా చేసి మానుకున్నాడట. అందరం సాయిబు తాత అనేవాళ్లం. ఉత్త కబుర్లపోగు. నర్సమ్మ సూది వేస్తున్నా చెబుతున్న కథ ఆపేవాడు కాదు.

నాయన ఇక ఇంటికి పోవచ్చని డాక్టరు చెప్పిన రోజు అమ్మ సంతోషపడలేదు. కొన్నాళ్లు పని ముట్టుకోవద్దని కూడా చెప్పాడు మరి. అడవిలో బీడీలకు వాడే తునికాకు కోత అప్పుడే మొదలైంది. మా ఏడాది గింజలన్నీ ఆ కొద్దిరోజుల కోతలోనే రావాలి.

అమ్మ మొహం చూసి తాత కైరో కథ ఎత్తుకున్నాడు. వందల ఏళ్ల కింద ఆ నగరంలో సుల్తాను ఒక దవాఖానా కట్టించాడట. కూలివాడికైనా కొత్వాలుకైనా ఒకటే మందు, ఒకటే పరుపు. నిద్రపట్టని రోగులకు కథలు చెప్పడానికి జీతమిచ్చి మనుషుల్ని పెట్టేవారట. ఆ నౌకరీ మన తాతకే రావాల్సిందని నాయన నవ్వాడు.

"గదొక్కటే కాదు బిడ్డా. జబ్బు తగ్గి ఇంటికి పోయేటోనికి కొత్త బట్టలు, ఒంట్ల సత్తువ వచ్చేదాక తిననీకి పైసలు ఇస్తుండిరి. లేకుంటే జల్దీ పనికి పోయి మల్ల పడతడని."

"గసోంటి దవాఖానా మాకేడ దొరుకుతది?" అంది అమ్మ.

తాత తన మూట విప్పి, కొడుకు తెచ్చిపెట్టిన కొత్త లుంగీ, కొన్ని నోట్లు నాయన చేతిలో పెట్టబోయాడు. నాయన చేయి వెనక్కి తీసుకున్నాడు.

"సర్కారు ఇస్తే తీసుకుంటుంటి తాతా. మీ నోటికాడిది గుంజుకుంటే అడుక్కతిన్నట్లయితది."

తాత లుంగీ మడిచి మళ్లీ మూటలో పెట్టుకున్నాడు.

ఊరు చేరిన మర్నాడే నాయన తునికాకుకు పోయాడు. అమ్మ కాళ్లావేళ్లా పడినా వినలేదు. ఎండలో కట్టలు మోస్తూ అడవిలోనే కూలిపోయాడు. మళ్లీ లేవలేదు. మా నాయనను జబ్బు చంపలేదు. జబ్బు తగ్గాక కూర్చుని తినడానికి లేక చనిపోయాడు.

చాలాకాలం ఆయన మొండితనాన్నే తిట్టుకున్నాను. తాతది బంగారంలాంటి మనసు, కాదనను. కానీ కైరోవాళ్లు కోలుకునేవాడి తిండిని ఎవరి మనసుకూ వదిలెయ్యలేదు, దవాఖానా పద్ధతిగానే పెట్టారు. అందుకే తీసుకున్నవాడు తల వంచే పని లేకపోయింది. ఇది తెలిసేసరికి నాకు సగం వయసు అయిపోయింది.

ఇప్పుడు పట్నంలో, ఖానాపురం హవేలి అనే పేటలో కూతురి దగ్గర ఉంటున్నాను. మొన్న మా ఇంట్లోనూ ఎదురింట్లోనూ పనిచేసే పిల్లకు ఆపరేషన్ అయింది. ఇంటిపట్టునే ఉండు, నీ జీతం ఎక్కడికీ పోదు అన్నాను. "మీ దయ అమ్మా" అని కళ్లు తుడుచుకుంది. కుట్లు ఆరకముందే ఎదురింట్లో వంగి గచ్చు తుడుస్తూ కనిపించింది. ఆ ఇంటివాళ్లను నిలదీయబోతే నా చేతులు పట్టుకుంది. "వద్దమ్మా, ఉన్న పని గూడ పోతది."

నా దయ నా గడప దాకే. దయ అన్న మాట వింటే నాకు ఈనాటికీ ఒళ్లు మండుతుంది. మా నాయన ఆ మాట పడలేకనే పోయాడు.