తాళంచెవి డీలియా దగ్గర

ఊరి చివర పాడుబడ్డ మఠం తాళంచెవి డీలియా ఇంట్లోనే ఉంటుంది. చూడవచ్చినవాళ్లకు అదిచ్చి, గుమ్మంలోనే నిలబడి సన్యాసుల గురించీ, ఇంగ్లీషు సైనికుల గురించీ, బంగాళాదుంపల కరువు గురించీ గడగడా చెబుతుంది. ఉత్తరపు గోడ వెనక సంగతి మాత్రం ఎత్తదు. నిన్న వానలో తాళంచెవి తిరిగివ్వడానికి వచ్చిన అమ్మాయి చేతిలో ఒక తెల్లరాయి ఉంది. "గోడ వెనక గడ్డిలో బోలెడున్నాయి బామ్మగారూ. గుర్తుగా ఒకటి తెచ్చుకున్నా." "ఎక్కడ తీశావో చూపించు తల్లీ," అంటూ డీలియా కోటైనా వేసుకోకుండా బయల్దేరింది. "రాయే కదండీ." "రాయేలే. పద." అమ్మాయి చూపించిన గుంటలో మోకాళ్ల మీద కూర్చుని దాన్ని మళ్లీ ఒత్తి పెట్టింది. జ్ఞానస్నానం కాకుండానే పోయిన పసికందులకు చర్చి శ్మశానంలో చోటివ్వని రోజుల్లో, తండ్రులే ఇక్కడికి తెచ్చి పూడ్చి, పైన ఒక తెల్లరాయి పెట్టి వచ్చేవారు. తల్లులు వెంట రాకూడదు. తమ బిడ్డది ఏ రాయో డీలియాకు చెప్పకుండానే మొగుడు పోయాడు. డీలియా లేవబోయి ఆగి, పక్క రాయిని కూడా ఏప్రాన్ అంచుతో తుడిచింది, ఆ పక్కదాన్నీ తుడిచింది.